కోటలు కూలాయి, ఇప్పచెట్లు నిలిచాయి
గోండ్వానా దారుల్లో – 11

గత భాగం 1751 దగ్గర ఆగింది. ఆ ఏడు నాగపూర్ రఘోజీ భోంస్లే చాందా చివరి గోండు రాజు నీలకంఠ షాను బల్లార్‌పూర్ కోటలో ఖైదు చేశాడు. ఆత్రం వంశపు గద్దె ఖాళీ అయింది. గోండ్వానా మీద వచ్చిన పుస్తకాలు చాలావరకు అక్కడితో ముగుస్తాయి. కానీ వార్ధా నదికి ఇవతల, నేటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా అడవుల్లో గోండులు ఆ తర్వాత కూడా తమ తగవులు తామే తీర్చుకున్నారు, తమ దేవుళ్లయిన పెన్‌లకు తామే పూజ చేసుకున్నారు, ఆ పూజకు కావలసిన సారా తామే కాచుకున్నారు. కోట చేజారి వందేళ్లు దాటాక గాని రాజ్యం వాళ్ల కుండ దాకా రాలేదు. అది వచ్చిన రోజునే గోండులు నిజంగా ఓడిపోయారని నా నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారాలేమిటో ఈ భాగంలో చెబుతాను.

ఈసారి గది వదిలి దారి పడదాం. ఆసిఫాబాద్ నుంచి తెల్లవారుజామున బయలుదేరితే పొద్దు గూకేలోగా పూర్తి చేయగల దారి ఇది. ముందు ఉత్తరానికి కాగజ్‌నగర్ మీదుగా సిర్పూర్ కోట. అక్కడి నుంచి వెనక్కి వచ్చి కెరమెరి ఘాట్ ఎక్కి జోడేఘాట్. చివర జైనూరు మండలంలోని మార్లవాయి. మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదటి వారాలైతే మేలు. ఎండ మండుతుంది, అయినా ఇప్పపువ్వు రాలేది అప్పుడే.

పొద్దున శిథిలాలు, సాయంత్రం ఆ నేల మీది మద్యం రుచి అనే యాత్రలు లోకంలో చాలాచోట్ల ఉన్నాయి. ఇటలీలో పాంపేయి శిథిలాల మధ్యనే, క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద కప్పబడిపోయిన ద్రాక్షతోటల జాగాల్లో, మస్త్రోబెరార్దీనో అనే వైన్ కుటుంబం మళ్లీ తీగలు నాటి వైన్ తీసింది. అక్కడికి వెళ్లినవాళ్లకు గోడలూ గ్లాసూ ఒకే చరిత్రగా కనిపిస్తాయి. ఆసిఫాబాద్‌లో ద్రాక్ష లేదు. ఇక్కడి మట్టి ఇచ్చే మద్యం ఇప్పసారా. దాన్ని గ్లాసులో పోసి యాత్రికుడి ముందు పెట్టే ఏర్పాటు ఇక్కడ లేదు. ఎందుకు లేదన్నది కూడా ఈ చరిత్రలో భాగమే.

సిర్పూర్‌తో మొదలుపెడదాం. గోండు రాజుల తొలి రాజధాని ఇదేనని సంప్రదాయం చెబుతుంది. భీం బల్లాల్ సింగ్ అనే నాయకుడు చెదిరి ఉన్న గోండులను కూడగట్టి సిర్పూర్‌లో గద్దె ఎక్కాడనీ, మాణిక్‌గఢ్ అతని గట్టి కోట అనీ కథ. చాందా జిల్లాకు భూమిశిస్తు బందోబస్తు అధికారిగా వచ్చిన మేజర్ లూసీ స్మిత్ 19వ శతాబ్దంలో ఈ రాజుల వరుసను రాసిపెట్టాడు. క్రీ.శ. 870 ప్రాంతంలో మొదలై 1751లో ముగిసే జాబితా అది. దాదాపు తొమ్మిది వందల ఏళ్లకు పంతొమ్మిది మంది రాజులు. ఒక్కొక్కరి వంతుకు సగటున నలభై ఆరేళ్లకు పైగా వస్తాయి. అన్ని తరాలు వరసగా అంతంతకాలం ఏలడం నమ్మశక్యం కాదు. జాబితా మొదట్లో కొన్ని పేర్లు జారిపోయి ఉండాలి, లేదా మొదలు అంత పాతది కాకపోయి ఉండాలి. నేను రెండోదానివైపే మొగ్గుతాను.

తారీఖు గురించి అనుమానం ఉన్నా రాజ్యం గురించి అనుమానం లేదు. అక్బర్ కొలువులో అబుల్ ఫజల్ రాసిన ఐనీ అక్బరీలో చాందా గోండు పాలకుడు బాబాజీ ప్రస్తావన ఉంది. వెయ్యి గుర్రాలు, నలభై వేల కాల్బలం ఉన్నవాడని రాశారు. అదే గ్రంథం బేరారు సుబాలో మాణిక్‌దుర్గ్‌ను ఒక సర్కారుగా లెక్కించింది. అంటే 16వ శతాబ్దం చివర మొఘల్ దఫ్తరులో కూర్చున్నవాళ్లకు కూడా మన అడవికి ఆనుకుని ఉన్న ఈ కొండకోట పేరు తెలుసు. అప్పటికే రాజధాని సిర్పూర్ నుంచి బల్లార్‌పూర్‌కూ, అక్కడి నుంచి చాందాకూ మారింది. చాందా చుట్టూ దాదాపు 11 కిలోమీటర్ల ప్రాకారం లేచింది. దాని దర్వాజాల మీద ఏనుగును అణగదొక్కే సింహం చెక్కారు. ఇప్పటికీ చూడవచ్చు.

సిర్పూర్‌లో అంత దర్జా ఆశించి వెళ్తే నిరాశే. మిగిలింది కొంత గోడ, బురుజుల ఆనవాళ్లు, ముళ్లపొదలు. పాత రాజధాని ముందు వెనకబడింది, తర్వాత మరుగునపడింది. 1872లో నిజాం సర్కారు ఈ అడవి సీమను సిర్పూర్-తాండూర్ పేరుతో ఒక పాలనా విభాగం చేసింది. 1905లో అది పూర్తి జిల్లా అయింది. 1913 నుంచి 1941 దాకా జిల్లా కేంద్రం ఒకప్పటి జనగాం, అంటే ఆసిఫాబాద్. 1929లో కాజీపేట-బల్లార్షా రైలుమార్గం పూర్తయింది. 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు సంస్థ ఏర్పడింది. వెదురుకు, టేకుకు ధర వచ్చింది. గోండు రాజుల తొలి పట్టణం పేరు కాగితపు రీముల మీద అచ్చయింది.

భోంస్లేల చేతి నుంచి వార్ధాకు ఇవతలి సీమ నిజాంకు చేరాక కూడా చాలాకాలం పైపైనే పాలన సాగింది. ఊళ్ల మీద మొకాసీలనే గోండు దొరలు ఉండేవారు. పన్ను వాళ్లే వసూలు చేసి పైకి కొంత పంపేవారు. అడవికి గుత్తేదారు లేడు. చెట్టుకు నంబరు లేదు. ఒక చోట నాలుగేళ్లు పంట తీసి మరోచోటికి వెళ్లడం మామూలు. వెళ్లేటప్పుడు ఏ చెట్టు నరికినా నరికారు గాని ఇప్పచెట్టు మీద గొడ్డలి పడలేదు. కెరమెరి వైపు పోయే దారిలో పత్తిచేల మధ్య ఒంటరిగా నిలబడ్డ పెద్ద పెద్ద ఇప్పలు కనిపిస్తాయి, గమనించండి. చుట్టూ అడవి పోయి రెండు తరాలైనా అవి ఉన్నాయి. ఎవరో ఒకరు ప్రతి తరంలోనూ వాటిని వదిలిపెట్టాలని నిర్ణయించుకున్నారు. కోటగోడకు అంత కాపలా ఏ రాజూ పెట్టలేదు.

ఆ చెట్టు ఇచ్చేదేమిటో తెలిస్తే ఈ కాపలా అర్థమవుతుంది. ఆకు రాలిన కొమ్మల చివర గుత్తులుగా పూసిన ఇప్పపువ్వు రాత్రి విచ్చుకుని తెల్లవారేసరికి రాలుతుంది. లేత పసుపు రంగు, గుజ్జుగా, రసంతో బరువుగా ఉంటుంది. ఆడవాళ్లు, పిల్లలు చీకటి ఉండగానే గంపలతో చెట్టు కిందికి చేరతారు. ఆలస్యమైతే జింకలు, ఎలుగులు, పశువులు తినేస్తాయి. ఏ చెట్టు పువ్వు ఏ ఇంటిదో ఊళ్లో అందరికీ తెలుసు, కాగితం అక్కర్లేదు. ఏరిన పువ్వును వాకిట్లో ఆరబోస్తే నాలుగైదు ఎండలకు ఎర్రగా ముడుచుకుపోతుంది. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. జొన్నలు నిండుకునే ఎండాకాలంలో అదే తిండి. వేయించి తింటారు, ఉడకబెట్టి తింటారు, పిండిలో కలుపుతారు. పువ్వు తర్వాత కాయ వస్తుంది. ఇప్పపలుకుల నుంచి తీసిన నూనె వంటకూ దీపానికీ పనికొస్తుంది. సారా ఆ చెట్టు ఇచ్చేవాటిలో ఒకటి మాత్రమే. బయటివాళ్ల కళ్లకు మొదట కనిపించేది మాత్రం అదే.

సారా కాచే పద్ధతి సులువుగా కనిపిస్తుంది గాని చేతివాటం కావాలి. ఎండుపువ్వును కుండలో నీళ్లు పోసి కొన్ని రోజులు పులియబెడతారు. బుడగలు తగ్గి వాసన మారినప్పుడు పొయ్యి మీద పెట్టి, ఆవిరి బయటికి పోకుండా మూతి మూసి, వెదురు గొట్టం గుండా చల్లటి పాత్రలోకి దించుతారు. మంట పెరిగితే మాడు వాసన, తగ్గితే నీళ్లు. మొదట దిగే చుక్కలు ఘాటుగా ఉంటాయి, చివరివి చప్పగా. బాగా కాచినదాంట్లో పువ్వు వాసన పోదు. మట్టిని, ఎండుపళ్లను తలపించే బరువైన పరిమళం అది. బెల్లపు గుడుంబా తాగి అదే ఇప్పసారా అనుకునేవాళ్లు చాలామంది. రెండింటికీ పొయ్యి తప్ప పోలిక లేదు.

గోండుల పద్ధతిలో ఆ సారా మొదటి చుక్కలు నేలకు చెందుతాయి. పెళ్లి మాట ఖాయమైనా, చనిపోయినవాళ్లను పెద్దల్లో కలిపినా, పెర్సా పెన్‌కు పూజ చేసినా, ఇప్పసారా ధార పోయందే కార్యం నిండదు. కథకులైన పర్ధాన్లు కిక్రీ వాయిద్యం పట్టుకుని లింగాల్ కథ చెప్పే రాత్రుల్లోనూ అంతే. పహండి కుపార్ లింగాల్ గుహలో మూసి ఉన్న గోండు దేవుళ్లను విడిపించి గోత్రాలుగా పంచిన కథ అది. రాజులు వేయించిన శాసనాల కన్నా ఈ కథలే గోండుల చరిత్రను ఎక్కువ కాలం మోశాయి.

మద్యం మీద రాజ్యం కన్ను పడడం కొత్త సంగతి కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే అధికారి కోసం ఒక అధ్యాయమే ఉంది. ఏ సుర ఎలా తయారుచేయాలో, ఎక్కడ అమ్మాలో అందులో రాశారు. కాపిశ దేశం నుంచి వచ్చే ద్రాక్షమద్యం పేరూ ఉంది. రోమన్ ఓడలు పశ్చిమ తీరానికి ఇటలీ వైన్ తెచ్చేవని పెరిప్లస్ అనే పాత నౌకాయాన గ్రంథం చెబుతుంది. ఆ తీరపు వర్తకం పైఠాన్ దాకా అల్లుకున్న కాలంలోనే మన పెద్దబొంకూరులోనూ రోమన్ నాణేలు చేరాయి. ద్రాక్షమద్యం నగరాలది, కలిగినవాళ్లది. అడవికి తన పువ్వు ఉండనే ఉంది. అయితే అర్థశాస్త్రంలో నన్ను ఆపిన మాట వేరే. పండుగలు, జాతరలు, యాత్రలప్పుడు నాలుగు రోజులపాటు జనం సుర చేసుకోవచ్చని ఆ గ్రంథం అనుమతిస్తుంది. పన్ను విషయంలో పైసా వదలని కౌటిల్యుడు కూడా దేవుడి నాలుగు రోజులు జనానికి వదిలేశాడు.

నిజాం అబ్కారీ ఆ పాటి ఔదార్యం కూడా చూపలేదు. సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత హైదరాబాద్ సంస్థానంలో భూమిశిస్తుతోపాటు అబ్కారీ రాబడి ఖజానాకు పెద్ద ఆధారమైంది. సేంది ఒకవైపు, ఇప్పసారా మరోవైపు. ఫసలీ 1316లో, అంటే 1906-07లో, అబ్కారీ చట్టం వచ్చింది. కాచే హక్కు, అమ్మే హక్కు వేలంలో గుత్తేదారుకు పోయాయి. అప్పుడు సంస్థానంలో బట్టీ సారాకు ముఖ్యమైన ముడిసరుకు ఇప్పపువ్వే. ఆ పువ్వు ఏరేది గోండు ఆడబిడ్డ. దాంతో సారా కాచేది గుత్తేదారు. దాన్ని డబ్బిచ్చి కొనాల్సింది మళ్లీ అదే ఆడబిడ్డ ఇంటివాళ్లు. సొంతంగా కాచుకుంటే కేసు, జుర్మానా. బ్రిటిష్ బొంబాయిలో ఇంకో మెట్టు దిగారు. 1892లో మహువా చట్టం తెచ్చి ఠాణా, కొలాబా జిల్లాల్లో పువ్వు ఏరి నిలవ చేసుకోవడం మీదే ఆంక్షలు పెట్టారు. సారాను ఆపడానికి తిండిగింజను కట్టడి చేసినట్టు.

నీలకంఠ షా ఓడిపోయినప్పుడు బాబేఝరిలోనో పట్నాపూర్‌లోనో ఉన్న గోండుకు నష్టమేమీ తెలియకపోవచ్చు. రాజు మారాడని విన్నాడేమో. అబ్కారీ జవాను ఇంట్లోకి వచ్చి, పెద్దల పేరు మీద పెట్టిన కుండను పగలగొట్టినప్పుడు మాత్రం రాజ్యం అంటే ఏమిటో అతనికి తెలిసింది. దానికి అడవి చౌకీదారు తోడయ్యాడు. పశువుల మేతకు బంబ్రాం పన్ను వచ్చింది. రిజర్వు అడవి గీతల లోపల పడ్డ చేలు అక్రమమైపోయాయి. పట్టాలు తెలిసిన బయటివాళ్లు వచ్చి సాగుభూములు తమ పేర రాయించుకున్నారు.

కెరమెరి ఘాట్ మలుపులు ఎక్కి జోడేఘాట్ చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఇక్కడ కోట లేదు. కొండ, చెట్లు, కుమురం భీం విగ్రహం, 2016లో తెరిచిన మ్యూజియం ఉన్నాయి. ఆసిఫాబాద్ దగ్గరి సంకేపల్లిలో పుట్టిన భీం, పొలం తగాదాలో సిద్దిఖ్ అనే భూస్వామిని కొట్టి చంపాక బల్లార్షా, చాందా మీదుగా అస్సాం తేయాకు తోటల దాకా వెళ్లి తిరిగివచ్చాడు. పన్నెండు గూడేలను కూడగట్టాడు. జల్, జంగల్, జమీన్ మీద హక్కు తమదేనన్నాడు. రాయబారాలు నడిచాయి, విఫలమయ్యాయి. 1940లో నిజాం పోలీసులు జోడేఘాట్ కొండ చుట్టుముట్టి భీంను, ఆయన వెంట ఉన్న మరికొందరిని కాల్చిచంపారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి ఇక్కడ వర్ధంతి జరుగుతుంది. భీం పోరాటం సారా కోసం జరిగింది కాదు, అది భూమి పోరాటం. కానీ ఆ మూడు మాటల్లో జంగల్ అన్నప్పుడు గోండు మనసులో మెదిలేది టేకు దుంగ కాదు. పూసిన ఇప్ప, దాని కింద గంప, ఆ పువ్వుతో తీరాల్సిన మొక్కు.

కాల్పుల తర్వాత సర్కారుకు భయం పట్టుకుంది. ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనుకుంది. అప్పటికి క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త యుద్ధం వల్ల స్వదేశం వెళ్లలేక హైదరాబాద్ సంస్థానంలో చిక్కుకుని ఉన్నాడు. చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉండడంతో బ్రిటిష్‌వాళ్ల దృష్టిలో శత్రుదేశీయుడు. ఆ మనిషి భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. గోండీ నేర్చుకున్నాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. భూముల పట్టాలు వేలమందికి దక్కాయి. ఫసలీ 1356లో, అంటే 1946లో, వచ్చిన గిరిజన ప్రాంతాల నిబంధనల వెనక ఆయన నివేదికలున్నాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు గిరిజనుల ఫిర్యాదులు వినే దర్బారు పెట్టించిందీ ఆయనే. 1987లో బెట్టీ చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో కన్నుమూసిన ఆయన అస్థికలు 2012లో ఆమె పక్కకు చేరాయి. ఏటా జనవరి 11న ఊరంతా అక్కడ గుమిగూడుతుంది. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుదీ ఈ ఊరే. ఆయన 2024లో వెళ్లిపోయారు.

మార్లవాయిలో సాయంత్రం కూర్చున్నప్పుడు "రామ్ రామ్ దాదా" అని పలకరించి నీళ్లిస్తారు. ఇప్పసారా అడగకండి. అడగకూడదన్న మర్యాదతోపాటు చట్టం కూడా ఉంది. 1991-92లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురుతిరిగారు. 1993 అక్టోబర్ 1న ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధమైంది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలింది, సారా మీది నిషేధం మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ ఉద్యమానికి నేను చేతులెత్తి మొక్కుతాను. తాగుడు కూల్చిన ఇళ్లు ఆదివాసీ గూడేల్లోనూ ఉన్నాయి, ఆ నొప్పి ముందుగా తగిలేది ఆడవాళ్లకే. కానీ తేలిన ఫలితం చూడండి. సీసా మద్యం అమ్మే లైసెన్సు దుకాణం మండల కేంద్రంలో చట్టబద్ధం. పెద్దలకు ధార పోయడానికి కాచిన కుండ నేరం. వందేళ్ల కిందటి అబ్కారీ తర్కమే చొక్కా మార్చుకుని నడుస్తోంది.

పొరుగున ఆలోచన మారింది. మధ్యప్రదేశ్ 2022లో ఇప్పమద్యాన్ని వారసత్వ మద్యంగా గుర్తించే విధానం తెచ్చింది. అలీరాజ్‌పూర్‌లో ఆదివాసీ స్వయం సహాయక బృందం మోండ్ పేరుతో సీసాలు నింపింది. అంతకు ముందే, 2018లో, మన చిత్తూరు జిల్లాలోని ఒక చిన్న డిస్టిలరీ నుంచి డెస్మండ్‌జీ పేరుతో మహువా మద్యం గోవా మార్కెట్‌కు వెళ్లింది. రేపు ఆసిఫాబాద్‌లోనూ కోటలు చూపించి ఇప్పసారా రుచి చూపించే యాత్ర పెడదామని ఎవరైనా అంటారు. తప్పకుండా అంటారు. అప్పుడు ఒప్పుకోవాల్సింది ఎవరన్నది నాకు ముఖ్యం. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మద్యాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభలకు ఇవ్వమంది. 2006 అటవీహక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఆదివాసులదే అంది. వేలం పాడే గుత్తేదారు టూరిజం కంపెనీ పేరుతో తిరిగి రాకూడదు. గూడెం వద్దంటే, ముఖ్యంగా గూడెం ఆడవాళ్లు వద్దంటే, ఆ రుచి బయటివాళ్లకు అక్కర్లేదు.

అందాకా పువ్వు రుచి చూడడానికి వేరే దారి ఉంది. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపూల లడ్డూలు చేస్తోంది. రక్తహీనత ఉన్న ఆడపిల్లల కోసం ఆశ్రమ పాఠశాలలకు వెళ్లాయవి. మార్లవాయి నుంచి చీకటి పడకముందే కదిలితే ఉట్నూరులో ఆగి కొనుక్కోవచ్చు. నమిలితే మొదట బెల్లం, తర్వాత ఖర్జూరం లాంటి మాధుర్యం, ఆఖరున ఇప్పకే ప్రత్యేకమైన ఆ వగరు.

మాణిక్‌గఢ్ ఈ ఒక్కరోజు దారిలో కలవదు. 1956లో రాజురా తాలూకా ఆదిలాబాద్ జిల్లా నుంచి విడిపోయాక అది సరిహద్దుకు అవతల, మహారాష్ట్రలో ఉండిపోయింది. ఆ గీత దగ్గరే కెరమెరి మండలంలో పరందోళి, అంతాపూర్ వంటి ఊళ్లు రెండు రాష్ట్రాల మధ్య తగవులో పడ్డాయి. అక్కడివాళ్లకు రెండు వైపులా ఓట్లున్నాయి, రెండు వైపులా బడులున్నాయి. వాళ్ల దేవత జంగుబాయి గుహ కూడా ఆ కొండల్లోనే ఉంది. వచ్చే భాగంలో ఆ గుహ నుంచి మాణిక్‌గఢ్ దర్వాజా దాకా వెళ్దాం.